జనపనారతో తేజస్సును పరీక్షించిన ఆచార్యుడు

జగదీశచంద్ర బోసు పేరు వినినంతనే, చెట్లకు స్పర్శజ్ఞానము కలదని లోకమునకు చాటినవాడని మన పాఠశాలలలోని బాలుడు సైతము చెప్పగలడు. ఆ కీర్తి ఎంత పెద్దదయ్యెనో, దానికి పూర్వము ఆయన చేసిన పనిపై అంత దట్టముగా తెర వ్రాలినది. చెట్లజోలికి పోకముందు ఆయన కొన్ని సంవత్సరములు తేజస్సు యొక్క కంపనదిశను గూర్చి పరిశోధించెను. ఆ కంపనము పదార్థముయొక్క అంతర్నిర్మాణముచే ఎట్లు పట్టుబడునో, ఎట్లు విడువబడునో, ఎట్లు మెలిపెట్టబడునో కనుగొనుటయే ఆనాటి ఆయన తపస్సు. ఆ ప్రశ్నయే 2012వ సంవత్సరమున మరల తలయెత్తి, అణుమాత్రము మందముగల పొరలలో ఎలక్ట్రానుల నడకను తేల్చునదిగా పరిణమించినది. కావున ఆయన జీవితమును ఆ వైపునుండి ఒకమారు చూచుట మనకు విధి.

ఆయన 1858 నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశమునకు చెందిన మైమెన్‌సింగునందు జన్మించెను. తండ్రి భగవాన్‌చంద్ర బోసు బ్రహ్మసమాజమునకు చెందినవాడు. సర్కారు కొలువున డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాలోనివారు తమ బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపుట గౌరవముగా నెంచెడి ఆ దినములలో, ఆయన మాత్రము కుమారుని ముందుగా వంగభాషా పాఠశాలకే పంపెను. అచ్చట బాలుని కిరుప్రక్కల కూర్చున్నవారు ఒక మహమ్మదీయ సేవకుని కుమారుడును, ఒక జాలరి కుమారుడును. పశుపక్ష్యాదుల గూర్చియు, నీటిలోని జీవుల గూర్చియు వారు చెప్పిన కథలు తనలో ప్రకృతిపై ఆసక్తిని మొలకెత్తించినవని పెద్దవాడైన పిమ్మట ఆయన స్మరించుకొనుచుండెను. అటుపిమ్మట కలకత్తాలో సెంటు జేవియర్సు కళాశాల చేరి, ఫాదరు లాఫాం అను భౌతికశాస్త్రాచార్యుని వద్ద ప్రయోగముల రుచి మరగెను.

1880లో వైద్యము నేర్చుటకై సీమకు బోయెను గాని, జ్వరపీడ విడువనందున ఆ చదువు మానుకొని కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రముల నభ్యసించెను. అచ్చట లార్డు రేలీ ఆయనకు గురువు. 1885లో స్వదేశమునకు మరలి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా నియమితుడయ్యెను.

ఆ యుద్యోగముతోనే మొదటి పరీక్ష యెదురయ్యెను. ఒకే పని చేయు ఆంగ్లేయునకు ఇచ్చు జీతములో భారతీయునకు మూడింట రెండు వంతులు మాత్రమే ఇచ్చుట నాటి నియమము. బోసు నియామకము తాత్కాలికమైనందున అందులోను సగము కోసి, మొత్తముపై మూడవవంతు నిర్ణయించిరి. ఆయన సభలు చేయలేదు, అర్జీలపై అర్జీలు పంపలేదు. పాఠములు చెప్పుచునే యుండెను. జీతము మాత్రము ముట్టలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడేండ్లు! ఇంట తండ్రి చేసిన అప్పులు పెరుగుచుండెను. 1887లో వివాహమును జరిగెను. వధువు అబలాదేవి మన చెన్నపట్నమున వైద్యవిద్య నభ్యసించిన విదుషి. ఆమెయు ఆ లేమిని సంతోషముతోనే పంచుకొనెను. తుదకు అధికారులు ఆయన బోధనా సామర్థ్యమును చూచి పూర్తి జీతమును, అదియు మొదటినుండి లెక్కగట్టి, ఇచ్చిరి. ఆ సొమ్ముతో ఆయన పితృఋణమును తీర్చెను. జీతము పుచ్చుకొనకయు పనిని చెడనీయకుండుట ఆయన పంతములోని విశేషము.

ఇక ఆయన పరిశోధన తెలియవలెనన్న, ధ్రువణము అను మాటకు అర్థము తెలియవలెను. ఒక త్రాటికొనను స్తంభమునకు గట్టి రెండవ కొనను చేతబట్టి ఊపినచో త్రాటివెంట అల పోవును. చేతిని పైకిని క్రిందికిని ఊపిన అల నిలువుగా నాడును. ప్రక్కలకు ఊపిన అడ్డముగా నాడును. అల ముందునకే పోవుచున్నను, త్రాడు కదలునది దానికి అడ్డుదిశలలో. వెలుగును అట్టిదేయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ 1820 ప్రాంతమున తేల్చెను. సూర్యకాంతిలో ఈ కంపనములు అన్ని దిశలకును కలగాపులగముగా నుండును. వాటిలో ఒక్క దిశను మాత్రము ఏరి తీసిన వెలుగు ధ్రువణము నొందినదని చెప్పుదురు. చేతిని నిలువుగనో అడ్డముగనో గాక గుండ్రముగా త్రిప్పినచో అలయు మెలిదిరుగుచు పోవును. ఆ మెలిక కుడివైపునకైనను ఎడమవైపునకైనను ఉండవచ్చును. శంఖములలో దక్షిణావర్తము, వామావర్తము అను భేదమున్నట్లే వెలుగులోను ఆ భేదము గలదు. పాఠకులు ఈ రెండు మాటలను మనస్సున నుంచుకొందురు గాక. కథ తుదకు వచ్చి నిలుచునది ఇచ్చటనే.

వెలుగు ఒక విధమైన విద్యుత్తరంగమేయని 1860 దశకమున మాక్సువెల్ గణితముచే చూపెను. 1888 నాటికి జర్మనీలో హెర్‌ట్జ్ అట్టి తరంగములను ప్రయోగశాలలో పుట్టించెను. కాని వాటితో చేసిన ప్రయోగములలో ఆయన తరంగముల పొడవు రెండడుగులకు మించియుండెను. వాటిని వంచి చూచుటకు మణుగులకొలది బరువుగల కీలు పట్టకమును పోతపోయవలసి వచ్చెను. అంత పొడవైన అలలతో స్ఫటికముల లోపలి నిర్మాణమును పరీక్షించుట, గునపముతో ముత్యమునకు బెజ్జము వేయబూనుట వంటిది.

1894 నవంబరు 30వ తేదీన, తనకు 36 ఏండ్లు నిండిన దినమున, బోసు తన శేషజీవితమును పరిశోధనకే అర్పింప సంకల్పించెను. కళాశాలలో పరిశోధనశాల లేదు, ధనసహాయము లేదు. స్నానాలయము ప్రక్కనున్న 24 చదరపు అడుగుల గది దొరికెను. పనివాడు దొరికినది ఒక తగరపు పనివాడు. శాస్త్రోపకరణమన నేమో అతడెరుగడు. ఆచార్యుడే అతనికి నేర్పి పరికరములను చేయించుకొనెను. ఆ గదిలో తరంగము పొడవు తగ్గి తగ్గి 5 మిల్లీమీటర్లకు దిగెను. దానితో హెర్‌ట్జ్ పెద్ద సాలలో చేసిన ప్రయోగములన్నియు ఒక బల్లమీది పెట్టెలో ఇమిడినవి. సీమలో తరంగములను పసికట్టుటకు లోహపు రజనును వాడుచుండిరి. వంగదేశపు వేడిమికి, తేమకు ఆ రజను త్రుప్పు పట్టి చెడుచుండుటచే, బోసు సన్నని ఉక్కుతీగల చుట్టలను వరుసగా పేర్చి క్రొత్త గ్రాహకమును కల్పించెను. మన గాలియే ఆయనను క్రొత్తదారికి త్రోసినది.

1895 మే మాసమున వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ యెదుట ఆయన చదివిన మొదటి పరిశోధనపత్రము ఈ ధ్రువణమును గూర్చినదే. బెరిల్, నెమలైటు మొదలగు స్ఫటికముల గుండ తరంగమును పంపి, స్ఫటికమును ఒక వైపునకు నిలిపిన తరంగము సాగిపోవుటయు, పక్కకు త్రిప్పిన ఆగిపోవుటయు ఆయన కనుగొనెను. బయటి నుండి చూచిన ఒకేతీరుగ నున్న రాయి, లోపల అణువుల వరుసచే ఒక దిశకు ద్వారమును మరియొక దిశకు గోడయును అగుచున్నదన్నమాట. ఆ సంవత్సరమే కలకత్తా టౌనుహాలులో ఆ తరంగములను గోడలగుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించియు, తుపాకిమందును పేల్చియు పురజనుల కాశ్చర్యము గొలిపెను. కాని శాస్త్రమున నిలిచినది ఆ పేలుడు శబ్దము కాదు, ఆ స్ఫటికముల నిశ్శబ్దపు సాక్ష్యమే.

స్ఫటికముతో సరిపెట్టుకొనక, చేతికందిన వస్తువునెల్ల ఆయన పరీక్షించెను. కట్టి యుంచిన పుస్తకము, అందును బ్రాడ్‌షా రైల్వే కాలపట్టిక, పుటల వరుసచే తరంగమును ధ్రువణము నొందించుచున్నదని కనిపెట్టెను. పుటల నడుమ తగరపు రేకులనుంచి దానిని మరింత సమర్థముగా చేసెను. మరియు వంగదేశపు పొలములలో పండు జనపనార యుండనే యున్నది. నారపోగుల వెంట ఆడు కంపనమును ఆ నార మ్రింగును. పోగులకు అడ్డముగా నాడుదానిని పోనిచ్చును. గోనెసంచికి పనికివచ్చు నార శాస్త్రోపకరణమయ్యెను.

1898లో ఆయన ఆ నారను మెలిపెట్టి చూచెను. కొన్ని కట్టలను కుడివైపునకును, కొన్నిటిని ఎడమవైపునకును త్రాడువలె పేని తరంగమునకు అడ్డముగా నుంచెను. ఒక మెలికగల కట్టలు కంపనతలమును ఒకవైపునకు త్రిప్పినవి. రెండవ మెలికగలవి రెండవవైపునకు త్రిప్పినవి. చక్కెర పానకము వెలుగు కంపనతలమును త్రిప్పునని అంతకు పూర్వమే యెరుగుదురు. అణువులలో మెలిక యుండుటచే అట్లగునని ఊహించియుండిరి. కంటికి కానరాని ఆ మెలికకు కంటికి కనబడు నమూనాను బోసు జనపనారతో కట్టి చూపెను. ఆ ఫలితము లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటితమయ్యెను. పదార్థమునకు కుడియెడమల భేదమున్నచో తరంగము దానిని గుర్తించునని ఆ ప్రయోగము తాత్పర్యము.

అంతకు ముందు 1897 జనవరి 29వ తేదీన ఆయన లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో తన పరికరములతో ఉపన్యసించెను. మూడు నెలలకు, ఏప్రిలు 30వ తేదీన, అదే మందిరమున జె. జె. థామ్సన్ పరమాణువుకన్న చిన్నదగు విద్యుత్కణమును గూర్చి ప్రకటించెను. ఎలక్ట్రాను లోకమునకు పరిచయమైన దినమది. తరంగముయొక్క కంపనదిశయు ఎలక్ట్రానును ఒకే మందిరమున, ఒకే సంవత్సరమున, వేర్వేరు సాయంకాలములలో సభకు వచ్చినవి. ఆ రెంటికిని గల చుట్టరికము పూర్తిగా తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఆ చుట్టరికమునకు దగ్గరగా బోసే మరియొక అడుగు వేసెను. సీసపు ముడిరాయియగు గెలీనాపై లోహపు మొనలనుంచి, దానిపై విద్యుత్తరంగము గాని వెలుగు గాని పడినప్పుడు దానిలో విద్యుత్ప్రవాహము మారుచున్నదని కనుగొనెను. మనుష్యుని కన్ను చూడజాలని తేజస్సును సైతము చూచు ఈ కృత్రిమనేత్రమునకు, తేజస్ అను మన మాటనుండియే, తేజోమీటరు అని పేరిడెను. శాస్త్రమును అమ్ముకొనరాదని ఆయన నియమము. కాని మిత్రుల, ముఖ్యముగా సారా బుల్, సోదరి నివేదితల ఒత్తిడిపై 1901లో అమెరికాలో దరఖాస్తు పెట్టబడి, 1904 మార్చి 29వ తేదీన పేటెంటు లభించెను. దానినుండి లాభమును గడించు యత్నమును ఆయన చేయలేదు. తరువాతి కాలమున ఇండ్లలో రేడియో వినుటకు వాడిన స్ఫటికపు పెట్టెలలో నుండినది తరచుగా ఈ గెలీనాయే. 1947లో ట్రాన్సిస్టరును కల్పించినవారిలో నొకడగు బ్రాటెయిన్, 1955లో అర్ధవాహకముల చరిత్రను వ్రాయుచు, స్ఫటిక గ్రాహకమున అగ్రస్థానము బోసుదని ఒప్పుకొనెను.

ఇచ్చట అభిమానము మాటున అసత్యము చొరకుండ చూచుకొనుట మన కర్తవ్యము. గెలీనాలో జరుగునది యేమో బోసుకు తెలియదు. అది అణువుల పీడనము వలని వికారమని ఆయన భావించెను. స్ఫటికములో ఎలక్ట్రానులకు అనుమతింపబడిన శక్తిపట్టీలును, వాటి నడుమ నిషిద్ధమైన అంతరమును ఉన్నవని, అర్ధవాహకమనగా ఆ అంతరము స్వల్పముగా నున్నదని 1931లో విల్సన్ గణించిన పిమ్మటనే ఆ రహస్యము విడినది. వెలుగు తగినంత శక్తిగలదైనచో క్రింది పట్టీలోని ఎలక్ట్రానును మీది పట్టీకి ఎగద్రోయును. దానినే ఉత్తేజనమందురు. బోసు చూచినది ఫలము. చెట్టు తరువాతివారికి కనబడెను.

ఇక ఈ కాలపు మాట. 2004లో మాంచెస్టరునందు గైమ్, నోవోసెలొవ్ అనువారు అంటుపట్టీతో పెన్సిలు గ్రాఫైటును ఒలిచి ఒలిచి ఒక్క పరమాణువు మందముగల పొరను వేరుచేసిరి. ఆ యుపాయమును స్నానాలయము ప్రక్క గదిలోని ఆచార్యుడు చూచియుండినచో తప్పక మెచ్చుకొనియుండెడివాడు. ఆ మార్గముననే మాలిబ్డినైటు అను ఖనిజమును కూడ ఒలిచిరి. అది మాలిబ్డినము, గంధకము కలిసిన పదార్థము. దాని యొక్కొక్క పొరలో నడుమ మాలిబ్డినము వరుసయు, పైని క్రిందను గంధకపు వరుసలును ఉండును. ఒక మిల్లీమీటరు మందము కావలెనన్న ఇట్టి పొరలను సుమారు 15 లక్షలకు పైగా పేర్చవలెను. ముద్దగా నున్నప్పుడు దుర్బలముగా వెలుగు ఈ పదార్థము, ఒక్క పొర మిగిలినంతనే ఎఱ్ఱని కాంతిని బలముగా వెలార్చునని 2010లో కనుగొనిరి.

ఆ పొరలో ఎలక్ట్రానులకు గల శక్తిని, వాటి చలనదిశలనుబట్టి పటముగా గీచినచో, అది కొండలును లోయలును గల భూమివలె నుండును. అందు రెండు జాతుల లోయలున్నవి. లోతున రెండును సమానములే. కాని ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబము వంటిది. పొరలో ఒక మూల మాలిబ్డినము, దాని కెదురుమూల గంధకము ఉండుటచే ఈ కుడియెడమల భేదము నిలిచియున్నది. దక్షిణావర్తమగు వెలుగు ఒక లోయలోని ఎలక్ట్రానును మాత్రమే ఎగద్రోయును. వామావర్తమగు వెలుగు రెండవ లోయలోనిదానిని మాత్రమే ఎగద్రోయును. ఏలయన, మెలిదిరుగు వెలుగు తనతో గొంత భ్రమణమును మోసికొని వచ్చును. ఆ భ్రమణము లెక్క సరిపోవునది ఒక్క లోయలోనే. ఒకే తలమున నాడు వెలుగు ఈ రెండు మెలికల సమాన సమ్మేళనము గావున రెండు లోయలను సమముగా కదలించును.

ఈ ఊహను సిద్ధాంతజ్ఞులు ముందుగనే చెప్పియుండగా, 2012లో న్యూయార్కు, హాంకాంగు, బీజింగు నగరములలోని పరిశోధకులు వేర్వేరుగ దానిని ప్రయోగముచే నిరూపించిరి. పరీక్ష సులభముగ తెలియదగినదే. ఎగిరిన ఎలక్ట్రాను తిరిగి క్రిందికి దిగునప్పుడు వెలుగును విడుచును. ఏ మెలికగల వెలుగును పొరపై వేసిరో, తిరిగివచ్చిన వెలుగులో ఆ మెలికయే ప్రబలముగా కనబడెను. రెండు పొరల ముక్కను తీసికొన్నచో, రెండవ పొర మొదటిదానికి ఎదురుగా తిరిగియుండుటచే కుడియెడమలు సరితూగి, ఆ పక్షపాతము చాలవరకు మాయమగును. ఎలక్ట్రాను ఏ లోయలో నున్నదో దానినే ఒక సంకేతముగా వాడి వార్తను నిలుపవచ్చునని కొందరి ఆశ. కాని ఉత్తేజితమైన ఎలక్ట్రాను ఆ భేదమును నిలుపుకొను కాలము తరచుగా సెకనులో లక్షకోట్లవ వంతులతో లెక్కింపవలసినంత స్వల్పము. ఆశకును యంత్రమునకును మధ్య దూరమింకను చాల గలదు.

జనపనార త్రాడునకును ఈ పొరకును భేదము లేకపోలేదు. త్రాడు తనగుండ పోవు తరంగమును త్రిప్పెను. పొరలో తరంగమే ఎలక్ట్రానును ఎంచుకొనుచున్నది. బోసు ఈ పొరలను ముందే చూచెనని చెప్పుట ఆయనకు గౌరవము కాదు. అట్టి గొప్పలు ఆయన సత్యవ్రతమునకు కళంకము. కాని ప్రశ్న ఒక్కటే. పదార్థపు అంతర్నిర్మాణము తరంగపు కుడియెడమలను ఎరుగునా? ఆ ప్రశ్నను కలకత్తాలో నారతోను, తగరపు పనివాని చేతిపనితోను అడిగినవాడు ఆయన.

శేషజీవితమును ముగించి చెప్పెదము. 1900 ప్రాంతమునుండి ఆయన దృష్టి లోహముల ప్రతిస్పందనపైకిని, అటనుండి వృక్షములపైకిని మరలెను. సీమలోని శరీరశాస్త్రజ్ఞులతో వివాదములు కలిగెను. త్రిపుర మహారాజు ధనముతోను, రవీంద్రనాథ ఠాకూరు స్నేహముతోను ఆదుకొనిరి. 1915లో కళాశాల నుండి విరమించి, 1917 నవంబరు 30న తన పేర కలకత్తాలో పరిశోధన మందిరమును నెలకొల్పెను. 1920లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించెను.

ఆయన విడిచిన తరంగముల పనిని అందుకొని, ఆ మార్గముననే సాగిపోవు పరిశోధక పరంపర మాత్రము ఆయన వెనుక మన దేశమున అప్పుడేర్పడలేదు. ఇది మనలను నొప్పింపవలసిన విషయము. జీతపు అన్యాయము పరుల తప్పిదము. పనిని కొనసాగింపకపోవుట మన తప్పిదము. నేడు బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థ మొదలగు చోట్ల ఈ పలుచని పొరలపై పరిశోధన సాగుచుండుట సంతోషకరము. జయంతి సభలలో పూలమాలలు వేయుటకు మన ధనికులు వెనుదీయరు. ఆ ధనములో గొంత తమ యూరి పాఠశాలలో ఒక ప్రయోగశాలకు, ఒక నిపుణుడగు పనివానికి వెచ్చింతురేని, 24 చదరపు అడుగుల గదిలో వెలిగిన దీపమునకు నూనె పోసినవారగుదురు. ఆ ఆచార్యుని స్మృతికి తగిన పూజ అదియే.